సరోగసీ, ఐవీఎఫ్ చట్టాలు: కాగితం ఎక్కడ ఆగుతోంది, ఎవరి హక్కు జారిపోతోంది?

గోదారిగట్టు
ఐవీఎఫ్ (ల్యాబ్‌లో పిండం తయారుచేసే) క్లినిక్కులకు, అండం–వీర్యం బ్యాంకులకు ఒక చట్టం (ఏఆర్‌టీ చట్టం), సరోగసీకి (దంపతుల బిడ్డను వేరే మహిళ మోసి కనివ్వడానికి) ఇంకో చట్టం. రెండూ 2021లో పార్లమెంటు దాటి, 2022 జనవరి 25న అమల్లోకి వచ్చాయి. మూడున్నరేళ్లు తిరిగేసరికి, 2025 జులైలో సికింద్రాబాద్ కేసు బయటపడింది. సరోగసీ బిడ్డ అని దంపతుల చేతిలో పెట్టిన పసిబిడ్డ డీఎన్ఏ వాళ్లతో కలవలేదు. ఎవరో పేదవాళ్ల దగ్గర కొన్న బిడ్డ అని పోలీసుల అభియోగం. టీవీ చర్చలన్నీ "ఎంత ఘోరం" దగ్గరే ఆగిపోయాయి.

ఈ ఫోరంలో లాయర్లు, ల్యాబ్‌వాళ్లు, ఊళ్లలో తిరిగి పనిచేసేవాళ్లు ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. చట్టం చెప్పిన దారిలో వెళ్తే ఏయే కాగితాలు పుడతాయి? ఇలాంటి మోసం ఎక్కడ దూరుతుంది? బిడ్డను మోసే ఆవిడకు ఈ చట్టంలో ఏం దక్కింది? ఆసుపత్రుల పేర్లు, మనుషుల పేర్లు వద్దండి దయచేసి.

కోర్టుమెట్లు
వరస చెప్తాను.

మొదటిది జిల్లా మెడికల్ బోర్డు. భార్య బిడ్డను మోయలేదనే వైద్య కారణాన్ని ఈ బోర్డు ధ్రువీకరించాలి. కారణాలు 2022 నాటి రూల్స్‌లో ఉన్నాయి: గర్భసంచి పుట్టుకతో లేకపోవడం, క్యాన్సర్ వల్ల తీసేయడం, పలుమార్లు ఐవీఎఫ్ చేసినా పిండం నిలవకపోవడం, కారణం తెలియని వరుస గర్భస్రావాలు, గర్భం మోస్తే ప్రాణానికే ముప్పు తెచ్చే జబ్బు. "ఉద్యోగం వల్ల కుదరదు", "అందం పోతుంది" లాంటివి ఇందులో లేవు.

రెండోది జ్యుడీషియల్ ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ లేదా ఆపై కోర్టు ఆర్డరు. పుట్టబోయే బిడ్డకు తల్లిదండ్రులెవరు, ఎవరి సంరక్షణలో ఉంటుంది అన్నది గర్భం రాకముందే తేలిపోవాలి. బిడ్డ పుట్టాక జనన నమోదులో అఫిడవిట్‌గా పనికొచ్చేది ఈ ఆర్డరే. దంపతులూ, మోసే మహిళా ఇద్దరూ దరఖాస్తు చేయాలి.

మూడోది ఆ మహిళ పేరు మీద 36 నెలల ఆరోగ్య బీమా. కాన్పు తర్వాత వచ్చే ఇబ్బందులు కూడా అందులో ఉండాలి. బిల్లులో మొదట 16 నెలలే ఉండేది, 2020లో రాజ్యసభ సెలెక్ట్ కమిటీ 36 చేయమంది.

ఈ మూడూ చేరాక రాష్ట్రంలోని అప్రోప్రియేట్ అథారిటీ (ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ సంస్థ) "ఆవశ్యకత" ధ్రువపత్రం ఇస్తుంది. అర్హత ధ్రువపత్రాలు వేరు, దంపతులకు ఒకటి, మోసే మహిళకు ఒకటి. దంపతులకు: ధ్రువీకరణ రోజున భార్యకు 23–50, భర్తకు 26–55 ఏళ్లు, బతికున్న బిడ్డ ఉండకూడదు (తీవ్రమైన వైకల్యమో, ప్రాణాంతక జబ్బో ఉన్న బిడ్డకు మినహాయింపు). వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్లు 35–45 మధ్య. పెళ్లి కాని ఆడవాళ్లకు, ఒంటరి మగవాళ్లకు దారి లేదు. మోసే మహిళకు: పెళ్లయి ఉండాలి, సొంత బిడ్డ ఉండాలి, పిండం పెట్టే రోజుకు 25–35 ఏళ్లు, జీవితంలో ఒక్కసారే, తన అండం వాడకూడదు. ప్రయత్నాలు మూడుకు మించకూడదు.

బోర్డు, కోర్టు, అథారిటీ. ఈ మూడు ముద్రలూ క్లినిక్ గోడల బయట పడేవి. ఎవరైనా "సంతకాలు పెట్టండి, మిగతావన్నీ మేం చూసుకుంటాం" అంటే కేసు అక్కడే మొదలవుతోందని అర్థం.

ల్యాబ్‌కోటు
పైన లాయరుగారు చెప్పినవి ప్రభుత్వం వైపు కాగితాలు. ల్యాబ్ వైపు కూడా ఒక గొలుసు ఉంటుంది, బిడ్డ మార్పిడి కేసుల్లో తెగేది అదే.

అండాలు తీసిన రోజు ఎన్ని వచ్చాయి, అందులో పక్వమైనవి ఎన్ని అని రాస్తారు. మర్నాడు ఎన్ని ఫలదీకరణ చెందాయో. ఐదో రోజుకు ఎన్ని బ్లాస్టోసిస్టులు (ఐదు రోజులు ఎదిగిన పిండాలు) మిగిలాయో, వాటి గ్రేడు. ఫ్రీజ్ చేస్తే మైనస్ 196 డిగ్రీల లిక్విడ్ నైట్రోజన్ ట్యాంకులో ఏ క్యానిస్టర్ (డబ్బా), ఏ స్ట్రా (పిండం ఉంచే సన్నని గొట్టం). ప్రతి డిష్ మీదా పేరు, ఐడీ. డిష్ మారిన ప్రతిసారీ ఇద్దరు చూసి సంతకం చేయాలి. రాత్రి డ్యూటీలో మనుషులు తక్కువై, రెండో సంతకం పొద్దున్న వచ్చినవాళ్లు పెట్టేసే చోట్లే పొరపాట్లు జరుగుతాయి. ఇది మోసం కాదు, నిర్లక్ష్యం. కానీ ఫలితం ఒకటే కావచ్చు.

మోసే మహిళకు పిండం పెట్టినప్పుడు ట్రాన్స్‌ఫర్ నోట్ ఉండాలి: తేదీ, ఎన్ని పిండాలు, ఏ స్ట్రాలోవి. రూల్స్ ప్రకారం ఒక్కటే పెట్టాలి, ప్రత్యేక పరిస్థితుల్లో మూడు దాకా. 10–12 రోజులకు గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష. ఆరేడు వారాలకు గుండె చప్పుడు స్కాన్.

ఇక్కడొక కిటుకు. గర్భిణికి చేసే ప్రతి స్కాన్‌కూ లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ఫారం ఎఫ్ నింపాలి. అందులో గర్భిణి పేరు, చిరునామా, ఎన్ని వారాలు అన్నీ ఉంటాయి. ఆ మహిళ పేరుతో తొమ్మిది నెలల్లో ఒక్క ఫారం ఎఫ్ కూడా కనబడకపోతే, ఆ గర్భం నిజంగా ఉందా అని అడగాల్సిందే. ఫోన్‌కు పంపిన స్కాన్ ఫొటో సాక్ష్యం కాదు, పేరు భాగం కత్తిరించి ఎవరిదైనా పంపొచ్చు.

నల్లమల
అంత ఉండి కూడా దంపతులు ఎలా మోసపోతారు? ఫైల్ అడగరా?

ల్యాబ్‌కోటు
"గోప్యత" పేరు చెప్పి చూపించరు. మోసే మహిళను కలవనివ్వరు. కానీ మేజిస్ట్రేటు ఎదుట దరఖాస్తు ఇద్దరిదీ అయినప్పుడు ఆవిడ ఎవరో దంపతులకు తెలియకపోవడం ఎలా కుదురుతుంది? గోప్యత అనేది బయటివాళ్ల నుంచి.

బిడ్డను అందుకునే రోజు డీఎన్ఏ పరీక్ష అడగడంలో మొహమాటం వద్దు. బిడ్డ బుగ్గ లోపలి నుంచి స్వాబ్, దంపతులిద్దరి నుంచి స్వాబ్. పరీక్ష చేసే ల్యాబ్‌ను దంపతులే ఎంచుకోవాలి, శాంపిల్ వాళ్ల కళ్లముందే సీల్ కావాలి. దాత అండమో వీర్యమో వాడితే ఒకరితోనే కలుస్తుంది, అది ముందే తెలిసి ఉండాలి.

సీతాఫలం
ఇప్పటిదాకా మాట్లాడిందంతా దంపతులు మోసపోకుండా ఎలా అని. సికింద్రాబాద్ కేసు లాంటిదాంట్లో అసలు బాధితులు ఆ బిడ్డ, ఆ బిడ్డను కన్న తల్లి. గోదారిగట్టు గారి మూడో ప్రశ్నకు వస్తాను.

చట్టం ఆ మహిళకు కాగితం మీద ఇచ్చినవి: ప్రక్రియ గురించి, దాని దుష్ప్రభావాల గురించి ఆవిడకు అర్థమయ్యే భాషలో చెప్పి, రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలి. పిండం పెట్టేదాకా ఏ క్షణంలోనైనా "నాకొద్దు" అనొచ్చు. గర్భం తీయించుకొమ్మని ఎవరూ బలవంతం చేయకూడదు. అబార్షన్ అవసరమైతే ఎంటీపీ (గర్భస్రావాల) చట్టం ప్రకారం, ఆవిడ సమ్మతితోనే. డబ్బు తీసుకుని మోసిందని తేలినా కోర్టు మొదట ఆవిడ మీద బలవంతం జరిగిందనే అనుకోవాలి, కాదని నిరూపించాల్సిన భారం అవతలివాళ్లది. ఈ చివరిది చాలామందికి తెలీదు. "నువ్వు నోరు విప్పితే నువ్వే జైలుకు పోతావ్" అని ఏజెంట్లు బెదిరించేది ఇందుకే.

ఆచరణలో జరిగేది వేరు. సమ్మతి పత్రం ఇంగ్లిషులో ఉంటుంది. తెలుగులో ఉన్నా "అండోత్సర్గ ప్రేరణ", "బహుళ గర్భధారణ" అని రాసి ఉంటే చదివి ఏం లాభం? "కవలలు పడొచ్చు, పడితే బీపీ పెరగొచ్చు, నెలలు నిండకముందే కాన్పు కావొచ్చు, కోత పడొచ్చు, రక్తం పోతే గర్భసంచి తీసేయాల్సి రావొచ్చు" అని నోటితో చెప్పి, ఆవిడతో తిరిగి చెప్పించాలి. చెప్పలేకపోతే ఆ సంతకం చెల్లదనుకోవాలి. సంతకం పెట్టిన కాపీ, బీమా పాలసీ కాపీ ఆవిడ ఇంట్లో ఉండాలి. పాలసీ క్లినిక్ బీరువాలో ఉంటే, కాన్పయిన ఏడాదికి కుట్ల దగ్గర హెర్నియా వచ్చినప్పుడు ఆవిడ ఎవరిని అడుగుతుంది?

బెజవాడబాబు
అసలు సమస్య డబ్బు నిషేధం. "పరోపకార సరోగసీ" అన్నారు. వైద్యఖర్చులు, బీమా, నిర్ణయించిన ఇతర ఖర్చులు తప్ప పైసా ఇవ్వకూడదు. దంపతులు ఇస్తే మొదటిసారికి ఐదేళ్ల దాకా, క్లినిక్ అయితే పదేళ్ల దాకా జైలు. డాక్టరుకు ఫీజు, లాయరుకు ఫీజు, ల్యాబుకు బిల్లు, బీమా కంపెనీకి ప్రీమియం. ఒళ్లు అప్పజెప్పినావిడకు మాత్రం పుణ్యం!

సీతాఫలం
డబ్బు ఉన్న రోజులు కూడా చూశాం కదా బాబుగారూ. 2005 ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాలు తప్ప చట్టమే లేని కాలంలో గుజరాత్‌లోని ఆనంద్ ప్రపంచానికే సరోగసీ ఊరయింది. మహిళల్ని నెలల తరబడి హాస్టళ్లలో పెట్టారు, సొంత పిల్లలకు దూరంగా. 2008లో జపాన్ దంపతుల కోసం పుట్టిన మంజి అనే పాప, కాన్పుకు ముందే వాళ్లు విడిపోవడంతో ఏ దేశానికీ చెందకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. జర్మన్ దంపతుల కవలలదీ అదే కథ, పౌరసత్వం ఎవరిదని గుజరాత్ హైకోర్టులో తగువు. విదేశీయులకు తలుపు మూసింది 2015లో. డబ్బు ఇచ్చినంతలో హక్కులు రాలేదు.

కోర్టుమెట్లు
ఇద్దరూ చెప్పేది నిజమే, కానీ మధ్యలో ఒక దారి ఉంది, దాన్ని పార్లమెంటే గుర్తించి పక్కన పెట్టింది. 2017 ఆగస్టులో ఆరోగ్యశాఖ స్థాయీసంఘం 102వ నివేదికలో పరోపకార సరోగసీ కాదు, పరిహారంతో కూడిన సరోగసీ ఉండాలంది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. దగ్గరి బంధువే మోయాలన్న షరతు మాత్రం 2020 సెలెక్ట్ కమిటీ సిఫార్సుతో పోయింది, "ఇష్టపడిన మహిళ" ఎవరైనా మోయొచ్చు. అది మంచి మార్పే. ఉమ్మడి కుటుంబంలో తోటికోడలి మీద వచ్చే ఒత్తిడి, బయటి ఏజెంటు ఒత్తిడి కన్నా తక్కువేం కాదు. పైగా ఆవిడ కాదంటే ఆ ఇంట్లోనే బతకాలి.

రాజ్యాంగం వైపు చూస్తే రెండు తీగలు. 1982లో ఢిల్లీ ఏషియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం 23వ అధికరణం కింద వెట్టిచాకిరీయే అంది. కూలికి పోయే మహిళకు ఆఖరి నెలల్లో పోయిన కూలి కూడా ఇవ్వకూడదంటే, ఆ వాదన ఇక్కడికి లాగొచ్చని నా అభిప్రాయం. రెండోది మన దగ్గరే మొదలైంది. 1999లో పంచాయతీ ఎన్నికల ఇద్దరు పిల్లల నిబంధన మీద బి.కె. పార్థసారథి కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పిల్లల్ని కనాలా వద్దా అన్న నిర్ణయం వ్యక్తిగత గోప్యతలో భాగం అంది. నిబంధనను మాత్రం కొట్టేయలేదు. సరోగసీ గురించిన లా కమిషన్ 228వ నివేదిక (2009) ఆ తీర్పునే ప్రస్తావించింది. 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు 21వ అధికరణం (జీవించే హక్కు) లోకి అదే మాటను తెచ్చింది.

పెళ్లికాని మహిళను సరోగసీకి దూరంగా పెట్టడం ఈ వెలుగులో నిలబడుతుందా అన్నది వేరే పోరు. తమాషా ఏంటంటే ఏఆర్‌టీ చట్టం కింద అదే మహిళ దాత వీర్యంతో ఐవీఎఫ్ చేయించుకోవచ్చు. తన గర్భసంచి బాగుంటే తల్లి కావొచ్చు, క్యాన్సర్ వల్ల అది పోతే కాకూడదు!

ల్యాబ్‌కోటు
వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్ల రూలు ల్యాబ్ వైపు నుంచి చూస్తే ఇంకా విడ్డూరం. 35 నిండాకే రావాలంటారు, సొంత అండమే వాడాలంటారు. అండాల నాణ్యత పడిపోవడం మొదలయ్యేది సరిగ్గా 35 దగ్గరే. 40 దాటితే క్రోమోజోముల తేడాలు బాగా పెరుగుతాయి, పిండం నిలవదు, నిలిచినా జారిపోతుంది. వయసు తలుపు తెరిచేది అండాలు తలుపు మూసుకునే వేళకు. దాత అండానికీ వీల్లేదు.

నల్లమల
దాత అండం దంపతులకు ఓకేనా కాదా? ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

కోర్టుమెట్లు
రూలు రెండుసార్లు తిరిగింది, అందుకే ఆ గందరగోళం. 2023 మార్చి 14 నోటిఫికేషన్‌తో దాత అండం, దాత వీర్యం రెండూ నిషేధించారు. పుట్టుకతో గర్భసంచి లేని (ఎంఆర్‌కేహెచ్) మహిళ సుప్రీంకోర్టుకు వెళ్తే 2023 అక్టోబరులో ఆవిడ విషయంలో ఆ నిషేధాన్ని నిలిపేశారు. 2024 ఫిబ్రవరి 21న కొత్త సవరణ: భార్యాభర్తల్లో ఒకరికి వైద్యపరంగా దాత అవసరమని జిల్లా బోర్డు ధ్రువీకరిస్తే వాడొచ్చు, అండం, వీర్యంలో రెండోది మాత్రం ఆ దంపతులదే కావాలి. ఇద్దరికీ దాతలే అయితే కుదరదు.

వయసు దాటినవాళ్ల విషయం కూడా ఇక్కడే చెప్పేస్తా. 2025 అక్టోబరు 9న సుప్రీంకోర్టు, చట్టం రాకముందే పిండాలు ఫ్రీజ్ చేసుకుని ప్రక్రియ మొదలుపెట్టిన దంపతులకు వయోపరిమితి వర్తించదంది. ఫ్రీజింగ్ తేదీ 2022 జనవరి 25కు ముందుదని చూపే ల్యాబ్ రికార్డు అందుకు ప్రాణం.

బెజవాడబాబు
వయోపరిమితే తప్పంటాను. అరవై ఏళ్ల మగవాడు మామూలుగా తండ్రి అయితే అడిగేవాళ్లు లేరు.

సీతాఫలం
2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్లని చెప్పిన మహిళకు ఐవీఎఫ్‌తో కవలలు పుట్టారు, గుర్తుందా? దేశమంతా "రికార్డు" అని రాసింది. ఆ వయసు గుండె మీద కవల గర్భం పెట్టడం ఏ డాక్టరు పుస్తకంలోనూ సబబు కాదు. ఇప్పుడు ఏఆర్‌టీ చట్టం కింద మహిళకు 50, మగవాడికి 55 దాటితే క్లినిక్ చేయకూడదు. బిడ్డ పదో తరగతికి వచ్చేసరికి అమ్మానాన్న బతికుండాలని కోరుకునే హక్కు ఆ బిడ్డకూ ఉంటుంది కదా. ఈ ఒక్క విషయంలో నేను చట్టం వైపే.

డల్లాస్‌కొండలు
అమెరికా పౌరసత్వం ఉన్న తెలుగువాళ్లు ఇక్కడికొచ్చి సరోగసీ చేయించుకోవచ్చా?

కోర్టుమెట్లు
భారత సంతతి దంపతులైతే ముందు జాతీయ బోర్డు నుంచి సిఫార్సు ధ్రువపత్రం తెచ్చుకోవాలి, ఆ తర్వాతే పైన చెప్పిన వరస. భారత సంతతి కాని విదేశీయులకు లేదు. టూరిస్టు వీసాతో వచ్చి పని కానిచ్చుకెళ్దాం అనుకుంటే బిడ్డ ప్రయాణ పత్రాల దగ్గర ఇరుక్కుంటారు. అమెరికా కాన్సులేట్ బిడ్డకు, తల్లిదండ్రులకు మధ్య జీవసంబంధం అడుగుతుంది.

ఆసుపత్రిమెట్టు
అండదాతల సంగతి ఎవరూ ఎత్తలేదు. సరోగసీ కన్నా ఎక్కువమంది పేద ఆడపిల్లలు నలిగేది అక్కడే.

చట్టం: దాత వయసు 23–35, జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించి తీయకూడదు, దాత పేరున 12 నెలల బీమా, ఒక దాత అండాలు ఒక్క దంపతులకే. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు తప్పనిసరి. బ్యాంకు దగ్గర ఆధార్ నమోదు ఉండాలి.

జరిగేది: ఏజెంటు ఒక్కో ఊళ్లో ఒక్కో కార్డు పెట్టించి మళ్లీ మళ్లీ తిప్పుతాడు. ఒక్కసారే అనే రూలు నిలబడాలంటే బ్యాంకులు వేలిముద్రతో ఆధార్ సరిచూడాలి, జిరాక్సు కాపీ చాలదు.

రోజూ ఇంజెక్షన్లు, పది పన్నెండు రోజులు. మామూలుగా నెలకో అండం పెరిగేచోట పదీ పదిహేను పెరుగుతాయి. మోతాదు పెంచితే ఇంకా ఎక్కువ, "ఎక్కువ అండాలు, ఎక్కువ పిండాలు" అని క్లినిక్‌కు ఆశ. దాని పర్యవసానం ఓహెచ్ఎస్ఎస్: అండాశయాలు ఉబ్బి, ఒంట్లో నీరు పొట్టలోకి దిగుతుంది. రోజుకు కిలో దాకా బరువు పెరగడం, నడుం దగ్గర లంగా బొందు బిగుసుకుపోవడం, మూత్రం తగ్గడం, ఆయాసం, ఒక కాలి పిక్క నొప్పి. వీటిలో ఏది కనబడినా అదే రోజు ఆసుపత్రికి రావాలి, మర్నాటిదాకా ఆగకూడదు. రక్తం గడ్డకట్టి ప్రాణం పోయే జబ్బు ఇది. దాతకు యాంటగనిస్ట్ పద్ధతి (అండాలు ముందే విడుదల కాకుండా ఆపే మందు) వాడి, అండాలను పక్వం చేసే చివరి ఇంజెక్షన్‌గా హెచ్‌సీజీ బదులు అగనిస్ట్ అనే మందు ఇస్తే ఈ ముప్పు చాలావరకు పోతుంది. దాత తాను గర్భం మోయదు కాబట్టి ఇందులో నష్టమేమీ లేదు. మరి ఎందుకు చేయరంటే, అలవాటు.

అండాలు తీసిన సాయంత్రమే బస్సెక్కించి ఊరికి పంపేస్తారు. ఓహెచ్ఎస్ఎస్ బయటపడేది తర్వాతి రోజుల్లో. ఊళ్లో ఆర్ఎంపీ "గ్యాస్" అని మాత్ర ఇస్తాడు. దాత చేతికి ఇచ్చే చీటీలో మందుల పేర్లు, తీసిన తేదీ, ఇరవై నాలుగ్గంటల ఫోన్ నంబరు తెలుగులో ఉండాలి. చట్టంలో ఇంకేం మార్చకపోయినా ఈ చీటీ ఒక్కటి తప్పనిసరి చేస్తే కొన్ని ప్రాణాలు నిలుస్తాయి.

ల్యాబ్‌కోటు
ఏడు అండాల రూలు మంచి ఉద్దేశమే కానీ సూది ఫాలికల్స్‌ను (అండాలు పెరిగే సంచుల్ని) లెక్కపెట్టి ఆగేది కాదు. పన్నెండు పెరిగితే మిగతా ఐదింటిని లోపలే వదిలేస్తే వాపు తగ్గదు. లెక్క పెట్టాల్సింది మోతాదును. పైగా ఏడులో పక్వం కానివి పోగా, ఫలదీకరణ కానివి పోగా బ్లాస్టోసిస్టులు రెండో మూడో. రాసినవాళ్లు ఒక్క ల్యాబ్ రిజిస్టరు చూసి ఉంటే ఈ అంకె ఇలా ఉండేది కాదు.

గోదారిగట్టు
ఒక అనుమానం. బిడ్డ పెద్దయ్యాక "నన్ను మోసింది ఎవరు, దాత ఎవరు" అంటే?

కోర్టుమెట్లు
సరోగసీ క్లినిక్ రికార్డులు 25 ఏళ్లు దాచాలి, ఏఆర్‌టీ క్లినిక్కులు కనీసం పదేళ్లు ఉంచి ఆ తర్వాత జాతీయ రిజిస్ట్రీకి చేర్చాలి. సమాచారం ఎక్కడో ఉంటుంది, దాన్ని అడిగే హక్కు బిడ్డకు స్పష్టంగా రాయలేదు. బ్రిటన్‌లో 2005 ఏప్రిల్ 1 తర్వాతి దాతల వివరాలు బిడ్డకు 18 నిండితే ఇస్తారు. మన దగ్గర చట్టం అయ్యేలోపు చేయగలిగింది, దంపతులు తమ ఫైలు మొత్తం కాపీ తీసి లాకర్లో పెట్టడం.

నల్లమల
ఎక్కడైనా తేడా కనబడితే ఫిర్యాదు ఎవరికి? పోలీసులకా?

ఆసుపత్రిమెట్టు
మొదట క్లినిక్ రిజిస్ట్రేషన్ చూడండి. ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) మాత్రమే చేసేవి లెవెల్ 1, ఐవీఎఫ్ చేసేవి లెవెల్ 2, సరోగసీకి వేరే రిజిస్ట్రేషన్, బ్యాంకుకు వేరే. లెవెల్ 1 బోర్డు పెట్టి లోపల ఐవీఎఫ్ చేస్తుంటే అదొక్కటే చాలు.

కోర్టుమెట్లు
బిడ్డ అమ్మకం, ఫోర్జరీ, మోసం అయితే నేరుగా పోలీస్ స్టేషన్. సరోగసీ చట్టం కింద నేరాలు బెయిల్ రానివే, కానీ కోర్టు విచారణకు తీసుకోవాలంటే అప్రోప్రియేట్ అథారిటీ ఫిర్యాదు చేయాలి. అథారిటీ కదలకపోతే మీరే, లేదా ఏదైనా స్వచ్ఛంద సంస్థ, కనీసం 15 రోజుల నోటీసు ఇచ్చి కోర్టుకు వెళ్లొచ్చు. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్‌తో పంపండి. డీఎంహెచ్‌వో (జిల్లా వైద్యాధికారి) ఆఫీసులో ఇస్తే ఇన్‌వర్డ్ నంబరు, ముద్ర వేయించుకుని కాపీ తెచ్చుకోండి. ఆ 15 రోజుల్లో రికార్డులు మాయం కాకుండా, అదే నోటీసులో ల్యాబ్ రిజిస్టర్లు, ఫ్రీజింగ్ లాగ్, ఫారం ఎఫ్ కాపీలు సీజ్ చేయమని పేరుపేరునా అడగండి. "సంబంధిత రికార్డులన్నీ" అని రాస్తే ఏమీ రావు.